ఒక్కో కంట్లో రెండు చుక్కలు

కళ్ల ఆసుపత్రిలో నేను అద్దాల నంబర్లు చూస్తాను. పక్క గదిలో చుక్కలు వేసే ఆవిడను రోగులూ మేమూ అందరం చుక్కలక్క అంటాం. ఇరవై రెండేళ్లుగా ఆవిడకు అదే పని. కంటిపాపను చూసి ఏ చుక్క వేశారో, ఎంతసేపయిందో చెప్పేస్తుంది. పెద్ద డాక్టరు గారు పొరపాటు పడిన రోజులున్నాయి గానీ, ఆవిడ పడిన రోజు నాకు తెలియదు. అలాంటి మనిషి చేతి సీసాతోనే ఆవిడ కొంప ముంచాడు ఆవిడ తమ్ముడి కోచ్. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండిపోతుంది.

అక్కకు ఒక్కడే తమ్ముడు. అమ్మానాన్నలు పోయాక ఆవిడే పెంచింది, తన పెళ్లి ఊసు ఎవరినీ ఎత్తనివ్వలేదు. వాడు బాక్సింగ్ అంటే ముందు చెడామడా తిట్టింది, తర్వాత తానే గ్లౌజులు కొనిచ్చింది. వాడి కోచ్‌నైతే నెత్తిన పెట్టుకుంది. ఆ కోచ్ వాళ్లమ్మకు నీటికాసుల జబ్బు, అదే గ్లకోమా. ఆ చుక్కల కోసం ఆయనొస్తే వరుసలో నిలబెట్టకుండా లోపలికి పిలిచి సీసా చేతికిచ్చేది. అవి కంటిపాపను సూదిమొనంత చేస్తాయని కూడా మర్యాద కొద్దీ తానే విడమరిచి చెప్పింది.

పోటీల మొదటి రోజు తమ్ముడు గెలిచాడు గానీ తలకు గట్టి దెబ్బ తగిలింది. సాయంత్రానికి ఒక కంటిపాప పెద్దదిగా ఉండిపోయింది. గదిలో ఉన్న తోటి ఆటగాడు అది చూసి కోచ్‌కు చెప్పాడు. తల లోపల దెబ్బ తగిలితే అలా అవుతుంది, వెలుగు పడ్డా ఆ పాప సరిగా ముడుచుకోదు. రింగులోకి దించేముందు డాక్టరు టార్చి వేసి చూసేది అందుకే. తేడా ఉంటే ఆడనివ్వరు. ఆ మహానుభావుడు ఏం చేశాడంటారా, తెల్లారగానే తమ్ముడి రెండు కళ్లలోనూ వాళ్లమ్మ చుక్కలు వేశాడు. పాపలు రెండూ సమానంగా చిన్నవైపోయాయి. డాక్టరు చూసీ చూడనట్టు చూసి సరేనన్నాడు. రెండో రౌండులో చిన్న దెబ్బకే వాడు కూలిపోయాడు.

మత్తుమందు తీసుకున్నా పాపలు అలాగే సూదిమొనలవుతాయి, అందుకని ఆసుపత్రిలో ఆ కళ్లు చూసి మత్తుమందు అలవాటుందా అని అడిగారు. కోచ్ ఆ మాట పట్టుకుని, కుర్రాడు చెడిపోయాడని నలుగురిలో చాటాడు. అక్క వచ్చి రెప్ప ఎత్తి చూసింది. "ఇవి మత్తు కళ్లు కావు. నా సీసా కళ్లు" అంది. కోచ్ సంచిలో సీసా దొరికింది, దాని మీద ఆవిడ చేతిరాతే ఉంది.

తమ్ముడికి ప్రాణం నిలిచింది, మాట పోయింది. గోడ పట్టుకుని నడుస్తాడు. అక్కను చూసి ఎవరో అన్నట్టు చూస్తాడు. ఆవిడ నా ఎదుట ఏడవలేదు. ఆ కోచ్‌ను మళ్లీ రింగు గుమ్మం తొక్కనివ్వనని పళ్లు నూరింది. ఏడు నెలలు బాక్సింగ్ సంఘం ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగింది. చివరికి విసుగొచ్చో భయమేసో, విచారణకు పిలిచారు.

తోడుగా నేనూ వెళ్లాను. మధ్యాహ్నం, పొడుగాటి బల్ల, ఆ వెనక అధ్యక్షుడూ సభ్యులూ, ఓ పక్కన పోటీల రోజు టార్చి వేసి చూసిన డాక్టరు. కోచ్ తొణక్కుండా చెప్పాడు. "కళ్లు ఎర్రగా ఉంటే వేశానండీ. మామూలు చుక్కలు. నీళ్లేసినట్టే."

అక్క అదే మందు కొత్త సీసా తీసింది, ఇంకా మూత తెరవనిది. "అయితే మీరూ వేసుకోండి సార్."

అందరి ముందూ వెనక్కి తగ్గితే పరువు పోతుందని ఆయన మొహం పైకెత్తాడు. అక్క ఆసుపత్రిలో వేసినంత నిదానంగా ఒక్కో కంట్లో రెండు చుక్కలు వేసి, అరగంట ఆగుదామంది. అంతలోనే ఆయన కనుబొమ్మలు రుద్దుకోవడం మొదలుపెట్టాడు. తర్వాత అధ్యక్షుడే టార్చి వేసి చూశాడు. వేసినా తీసినా ఆ పాపలు సూదిమొనల్లాగే ఉన్నాయి. ఈ కళ్లు చూసి తల లోపల సంగతి చెప్పగలరా అని అక్క ఆనాటి డాక్టరును అడిగింది. చెప్పలేనని ఆయన ఒప్పుకున్నాడు.

అప్పుడు ఆవిడ కర్టెన్లు లాగి లైటు ఆర్పింది. కాసేపటికి ఆ మసకలో మాకందరికీ బల్ల, కుర్చీలు, ఒకరి మొహాలొకరికి కనిపిస్తున్నాయి. ముడుచుకుపోయిన పాపలు మసకలో విచ్చుకోవు. కోచ్ లేచి గుమ్మం వైపు వెళ్లబోయి కుర్చీకి కొట్టుకున్నాడు, తర్వాత గోడకు. ఎవరో లైటు వెయ్యమన్నారు. అక్క స్విచ్చికి వీపు ఆనించి నిలబడింది.

"ఉండండి. నన్ను ఇంకాసేపు చూడనివ్వండి."

నేనూ వెయ్యమనలేదు. దాచడమెందుకు, నాకు కడుపు నిండినట్టుగా ఉంది. ఆ మసకలోనే అధ్యక్షుడు, ఈయన ఇక జన్మలో ఎవరికీ కోచ్‌గా ఉండడానికి వీల్లేదని చెప్పాడు. సభ్యులూ సరేనన్నారు. కోచ్ ఆ మాట విన్నాడో లేదో, రెండు చేతులూ చాచి గోడ తడుముకుంటూ ఆవిడ గొంతు వినిపించిన వైపు తిరిగాడు.

"ఎప్పటికి తగ్గుతుందమ్మా ఇది?"

"మీకు సాయంత్రానికి తగ్గిపోతుంది సార్" అంది చుక్కలక్క.