వెనక తలుపు నెట్టి చూసే మనిషి

కార్తీకమాసం, ఆదివారం.

బుధవారం పొద్దున హైదరాబాద్ దవాఖాన నుంచి ఫోన్ వచ్చింది. మా చెల్లె పోయింది. నిద్రలోనే గుండె ఆగిందన్నారు. ఏడ్చే వయసు దాటాననుకున్నాను, దాటలేదు. అయినా కూర్చుని రాస్తున్నది దుఃఖం వల్ల కాదు. పరామర్శకు నారాయణఖేడ్ వచ్చిన ఆమె ఆఫీసు పెద్దమనిషి నిన్న మా వరండాలో ఒక మాటన్నాడు. అందుకే ఇప్పుడే రాయవలసి వచ్చింది.

ఆమె ఉద్యోగమేమిటో మా ఊళ్ళో చాలామందికి తెలియదు. ఫైబర్ తీగలో అతి సన్నని వెలుగు పంపి, రెండు ఆఫీసుల మధ్య రహస్య తాళంచెవి లాంటి అంకెలు పంచుకునే క్వాంటం యంత్రాలున్నాయి. దారిలో ఎవరైనా ఆ వెలుగును పట్టి చూస్తే అంకెల్లో తప్పులు పెరుగుతాయి, దొంగ దొరుకుతాడు. ఆ యంత్రాల మీద తానే దొంగై పరీక్షలు చేయడం మా చెల్లె పని.

ఇంటికొచ్చినా అంతే. డిపోలో బస్సు దిగి వచ్చి ఏనాడూ ముందు తలుపు కొట్టలేదు. నేను పైగడియ, కిందిగడియ, తాళం వేసుకుని కూర్చుంటే వంటింట్లో గిన్నె చప్పుడయ్యేది. వెళ్ళి చూస్తే స్టవ్ మీద చాయ్ మరుగుతుండేది.

"ఏందే, దొంగ లెక్క ఎట్లొచ్చినవ్?"

"దొంగ తలుపు కొట్టి వస్తడా అక్కా? ఎనక తలుపు నెడితే తెరుసుకుంది. ముందట మాత్రం కోట కట్టినవ్."

"గా గడియ రేపు బాగు చేయిస్త."

"పోయినసారి గూడ గిదే అన్నవ్. చక్కెర జర ఎక్కువేసిన, తిట్టకుంట తాగు."

నేను లెక్కల టీచర్‌గా పనిచేసినదాన్ని. తప్పులు పెరగకపోతే దొంగ లేనట్టే కదా, దానికి నిరూపణ ఉంది కదా అని ఒకసారి నిలదీశాను. అప్పుడు పొద్దుగూకే వేళ సిర్గాపూర్ నుంచి ఆటోలో వస్తున్నాం. ఎదురుగా ఒక లారీ పెద్ద లైట్లు వేసుకుని వచ్చింది.

"ఇప్పుడు నీకేం కనబడుతుంది?" అంది.

"గా లైటు తప్ప ఏం కనబడుతలేదు."

"గంతే. యంత్రం కన్ను గూడ గట్లనే. గట్టి వెలుగు కొడితే సన్న వెలుగు కానరాదు. ఇగ దొంగ ఏది చూడుమంటే అదే చూస్తది. తప్పులు పెరగనే పెరగవు. నీ నిరూపణ మంచిదే అక్కా. కానీ పెట్టె చేసింది మనుషులు."

రెండు ఆఫీసుల మధ్య అలాంటి ఒక లైను ప్రారంభానికి సిద్ధమైనప్పుడు ఆమె ఆ కన్నును ప్రయోగశాలలో అందరి ముందూ గుడ్డిది చేసి చూపింది, అంతా బాగుందన్న కాగితం మీద సంతకం పెట్టలేదు. లైను ఆగింది. ఆమె బల్లను మెట్ల కింది గదికి మార్చారు. "అక్కడ ఫ్యాన్ మంచిగ తిరుగుతుంది" అని మాత్రమే నాతో అంది.

తర్వాత తయారీవాళ్ళు గట్టి వెలుగు పడితే మోగే అలారం పెట్టారు. ఆమె మెచ్చుకుంది. వెంటనే ఇంకో ప్రశ్న వేసింది: ఆగకుండా పడే వెలుగుకు మోగుతుంది, ఆగి ఆగి మినుకుమనే వెలుగుకు మోగుతుందా? ఆ పరీక్ష ఈ వారం తన శిష్యురాలితో కలిసి చేయాలి. ఈలోగా పోయింది.

నిన్న పెద్దమనిషి చాయ్ తాగుతూ అన్నాడు: "ఇగ గా పరీక్ష ఎందుకులే అమ్మా. అలారం పెట్టినం గద. లైను మొదలుపెట్టి దానికి మేడం పేరే పెడతం." మంచి మనసుతోనే అన్నాడు. ఆయన వెంట వచ్చిన శిష్యురాలు పక్కన తల దించుకుంది.

"మినుకు వెలుగుకు మోగుతదా?" అని అడిగాను.

"మోగాలె."

"చూసిన్రా?"

ఆయన కప్పు కింద పెట్టాడు. "చూడలే."

"చూడనిదానికి నా చెల్లె పేరు పెట్టకున్రి."

పరీక్ష చేయిస్తానని ఆయన ఒప్పుకున్నాడు. ఇక జరగవలసినవి ఇవి:

1. మినుకు వెలుగు పరీక్ష శిష్యురాలు చేయాలి. ఆయన ఒప్పుకున్న మాట అందరూ చదివేలా ఇక్కడ రాశాను.

2. అలారం మోగకపోతే లైను ఆగాలి. మోగితే పేరు పెట్టుకోవచ్చు.

3. మెట్ల కింది బల్ల మళ్ళీ పైకి రావాలి. దాని ముందు ఆ పిల్ల కూర్చోవాలి.

4. మా వెనక తలుపును రోజూ బయటి నుంచి నెట్టి చూడాలి. కొత్త గడియ వేయించాను. ఈ పొద్దున పెరట్లోకి వెళ్ళి భుజంతో నెట్టాను. కదల్లేదు. కాసేపు అక్కడే నిలబడ్డాను. లోపల గిన్నె చప్పుడు లేదు.