పరీక్ష చేసిన చెయ్యి

క్రీముల కంపెనీలో ఆవిడ పని, కొత్త సరుకు ఏదొచ్చినా ముందు తన ఎడమచేతికి రాసుకుని చూడడం. మోచేతి దాకా పెన్నుతో గీసిన గళ్లు, గడికో నంబరు. ఒకటి ఎర్రబడి ఉంటుంది, ఇంకొకటి పొట్టు లేచి ఉంటుంది. మాట్లాడుతూనే ఆరో గడి గోక్కుని, చీటీ మీద "ఆరు, దురద" అని రాసుకుంటుంది. బస్సులో ఎవరైనా జాలిపడితే, "ఉద్యోగమండీ" అని చొక్కా చెయ్యి కిందికి లాక్కుంటుంది. మొన్న మేనేజరు ఒక ఫొటోగ్రాఫరును వెంటబెట్టుకొచ్చాడు. "మన దగ్గర దాపరికం లేదని జనానికి తెలియాలమ్మా. పరీక్ష చేసిన చేతినే డబ్బా మీద వేద్దాం." ఆవిడ ఎడమచెయ్యి చాపింది. ఫొటోగ్రాఫరు కెమెరా దించేశాడు. మేనేజరు గొంతు సవరించుకుని, "రెండోది చూపించండి" అన్నాడు. నున్నటి కుడిచెయ్యి ముందుకొచ్చింది. "దీనికి మన క్రీము ఒక్కటీ తగల్లేదండీ" అంది ఆవిడ. "తెలుస్తూనే ఉందమ్మా" అన్నాడాయన ముచ్చటగా చూస్తూ. "ఇదే తియ్యవయ్యా."