మా పిన్ని మందు సంగతి

మొన్నామధ్య ఫిల్మ్‌నగర్‌లో ఒక ఆఫీసులో కూర్చుని ఉన్నాం. ఆఫీసంటే పెద్దగా ఏమీ లేదు. ఒకరి ఇంటి మేడ మీద రెండు గదులు, గోడకి ఒక తెల్లబోర్డు, దాని మీద పాత్రల పేర్లు, కొన్ని పేర్లకి ఎదురుగా ఖాళీలు. నేను మాటలు రాసిన వెబ్ సిరీస్ అది. నాయనమ్మ పాత్రకి ఎవరూ కుదరడం లేదు. నేను ఒక పేరు చెప్పాను. ఆ పేరుగల మనిషి నాకు స్వయానా పిన్ని అవుతుందని మాత్రం చెప్పలేదు. నటీనటుల ఎంపిక చూసే అమ్మాయి షేక్‌పేటలో పుట్టి పెరిగింది, మొహమాటమంటే తెలియని మనిషి. ల్యాప్‌టాప్ మీంచి తలెత్తకుండానే అంది: "ఆమెనా సర్? వద్దు సర్. ఆమెకు మందు అలవాటుందంట గదా. ఎన్కట ఏదో షూటింగ్‌ల హీరోయిన్ మీదికి హారతి పళ్ళెం ఇసిరేసిందంట."

ఆ షూటింగ్ జరిగేనాటికి ఈ అమ్మాయి బడికి వెళ్తూ ఉండి ఉంటుంది. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. పళ్ళెం చేతిలోంచి జారి కింద పడింది, అంతే. ఇన్నేళ్ళలో అది గాల్లో ఎగరడం కూడా నేర్చుకుంది. "అది అలా కాదమ్మా, నేను రేపు చెప్తాను" అని లేచి వచ్చేశాను. అప్పటికప్పుడు చెప్పకపోవడానికి కారణం ఉంది. నిజం చెప్పాలంటే మా పిన్ని దాచుకున్న సంగతి బయటపెట్టాలి. ఇక మందు పుకారు ఎక్కడ పుట్టిందో ఫీల్డులో ఎవరికీ తెలియదు గాని నాకు తెలుసు. నా నోట్లోంచే పుట్టింది.

మా పిన్ని, అంటే మా అమ్మకి చెల్లెలు, తెనాలి వైపు నుంచి బాబాయి వెంట ఈ ఊరొచ్చింది. బాబాయి రికార్డింగ్ థియేటర్లలో వయొలిన్ వాయించేవాడు. కృష్ణానగర్‌లో రెండో అంతస్తులో ఇల్లు. ఆ సందులో ఏ తలుపు తట్టినా ఒక డాన్సరో, ఫైటరో, రేపోమాపో హీరో అయ్యేవాడో తలుపు తీసేవాడు. సందు చివర ఇస్త్రీ బండి మీద పోలీసు చొక్కాలూ పూజారి పంచెలూ పక్కపక్కనే ఉండేవి. చర్చిలో పాటలు పాడిన గొంతు కనుక పిన్నికి మొదట డబ్బింగులో గుంపులో నిలబడి కేకలు వేసే పని దొరికింది. ఆ గొంతులో ఏడుపు బాగా పలుకుతుందని ఎవరో కనిపెట్టాక అమ్మ వేషాలు వచ్చాయి. అన్నీ బీద అమ్మలే. పిన్ని బుగ్గలు లోపలికి పోయి ఉండేవి కాబట్టి, పూరింటి గడపలో కిరసనాయిలు బుడ్డి పక్కన కూర్చోబెడితే మేకప్ మనిషికి పెద్ద పనుండేది కాదు. ఇంట్లో బొట్టు పెట్టుకోని మనిషి సెట్లో రూపాయి కాసంత కుంకుమతో ఉండేది. పాస్టరుగారి భార్య ఒకసారి ఆ మాట ఎత్తితే, "బొట్టు పాత్రదండీ, నుదురు నాది" అని ఊరుకుంది.

జబ్బు వేళ్ళ దగ్గర మొదలైంది. బట్టలు పిండి పిండి పట్టేశాయనుకున్నారు. పెళ్ళినాటి ఉంగరం వాచిన కణుపు దాటి రాకపోతే, కంసాలి దాన్ని కత్తిరించి తీశాడు. అప్పటినుంచి పిన్ని దాన్ని గొలుసుకి కట్టుకుని తిరిగింది. చివరికి రుమటాయిడ్ ఆర్థరైటిస్ అని తేలింది. వయసు మీద పడి కీళ్ళు అరగడం కాదట. ఒంటిని కాపాడాల్సిన సైన్యమే తిరగబడి కీళ్ళని కొరుక్కుతినడమట. డాక్టరు ఇది వివరంగా చెప్తుంటే పిన్ని మధ్యలో అందుకుని, "మా యూనియన్ లాగన్నమాట డాక్టరుగారూ. బయటివాళ్ళతో పోట్లాడమని పెట్టుకుంటే మాలో మేమే కొట్టుకుంటాం" అంది. బాబాయి ఈ ముక్క చెప్పినప్పుడల్లా డాక్టరు ఎంతసేపు నవ్వాడో కూడా చేసి చూపించేవాడు.

నవ్వులాట ఎలా ఉన్నా, పొద్దున్న పూట మాత్రం పిన్నికి నరకమే. లేచేసరికి చేతులు రాత్రి ఎవరో సిమెంటు పోసి వెళ్ళినట్టు బిగుసుకుపోయి ఉండేవి. పదింటికి గాని వేళ్ళు మాట వినేవి కావు. సినిమా వ్యానేమో ఆరింటికే సందు మొదట్లో నిలబడి హారను కొట్టేది. కుళాయి తిప్పడం, జాకెట్టు హుక్కులు పెట్టడం, జడ వెయ్యడం అన్నీ బాబాయే నేర్చుకున్నాడు. మాత్రల రేకు నొక్కడం కూడా ఆయన పనే. "కీళ్ళ జబ్బు మాత్ర తియ్యాలంటే కీళ్ళు బాగున్న మొగుడుండాలి" అనేది పిన్ని. నాతో మాత్రం నవ్వకుండా చెప్పింది: "ఒరేయ్, ఈ సంగతి ఫీల్డులో ఎవరికీ చెప్పకు. కాలు విరిగిందంటే అతుక్కున్నాక పిలుస్తారు. ఇది పోయేది కాదంటే ఇంకెప్పుడు పిలుస్తారు?" సరేనన్నాను.

మొదట్లో నొప్పి లొంగడానికి డాక్టరు స్టెరాయిడ్ ఇచ్చాడు. నొప్పి తగ్గింది గాని దానితో పాటు ఆకలీ వచ్చింది, నిద్ర పోయింది. పెసరట్టు తిని చెయ్యి కడుక్కుంటూనే మధ్యాహ్నం ఏం కూర అని అడిగేది. నెలలు తిరిగేసరికి మొహం గుండ్రంగా పున్నమి చంద్రుడిలా అయింది. అది మందు వల్ల వచ్చిన వాపని మాకు తెలుసు. మేకప్ మనిషికి తెలియదు కదా! "ఏం తింటున్నారో గానమ్మా, మొహంలో లక్ష్మీకళ వచ్చేసింది" అన్నాడు. ఆ మాట మేనేజర్ల చెవిన పడింది. అంతే, బీద అమ్మ వేషాలు ఆగి గొప్పింటి అమ్మ వేషాలు మొదలయ్యాయి. పట్టుచీరలు, వడ్డాణాలు, మెట్ల మీంచి దిగుతూ కొడుకుని తిట్టడాలు. స్టెరాయిడ్ మా పిన్నిని పూరింట్లోంచి తీసి జూబ్లీహిల్స్ బంగళాలో కూర్చోబెట్టింది. బంగళా కూడా నిజమైనదే, షూటింగులకి కిరాయికి ఇచ్చేది. "పెళ్ళైన ఇన్నాళ్ళకి నా పెళ్ళాం గొప్పింటిదైందిరా" అని బాబాయి అందరికీ కాఫీలు ఇప్పించాడు. ఒక్క గాజులతోనే చిక్కు. వాచిన కణుపుల మీంచి అవి ఎక్కేవి కావు. "నాకు బిగుతు గాజులు పడవు బాబూ" అని కాస్ట్యూమ్స్ అతన్ని బతిమాలి, వాటిని ఒకచోట కోయించి వెనక టేపు వేయించుకునేది.

స్టెరాయిడ్‌ని మెల్లగా తగ్గించాలంటే దాని బదులు ఇంకో మందు మొదలుపెట్టాలి. అది వారానికి ఒక్కసారి మాత్రమే వేసుకోవాలి. రోజూ వేసుకుంటే ప్రాణానికే ముప్పని డాక్టరు గట్టిగా చెప్పాడు. వారంలో ఏ రోజో మీరే ఎంచుకుని మార్చకుండా ఉంచండన్నాడు. సినిమా మనిషికి మరిచిపోని రోజు ఇంకేముంటుంది? పిన్ని శుక్రవారం ఎంచుకుంది. రాత్రి మాత్ర వేసుకుంటే తెల్లారి కడుపులో తిప్పు, నోట్లో పుళ్ళు, కూర తాలింపు వాసన వస్తే చాలు వాంతి. "శుక్రవారం రిలీజు, శనివారం టాకు. ఆదివారం చర్చికి వెళ్ళేసరికి సినిమా నిలబడిందో పోయిందో తెలిసిపోతుంది" అనేది.

అలాంటి ఒక శనివారమే కొత్త కోడలికి హారతి ఇచ్చే సీను పడింది. ఆ సినిమాకి నేను కో-డైరెక్టర్ని. ఆ వేషం ఇప్పించిందీ, హీరోయిన్ డేట్ల కోసం ఆ సీను శనివారం పొద్దున వేసిందీ నేనే. చెప్తే పిన్ని "శనివారమా?" అని ఒక్కమాట అంది. నేను విననట్టు ఊరుకున్నాను. బంగళా వెనక బాత్‌రూములో వాంతి చేసుకుని, మొహం కడుక్కుని, మళ్ళీ టచప్ చేయించుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది. బరువైన ఇత్తడి పళ్ళెం, దాని మీద వెలుగుతున్న కర్పూరం. మొదటి టేకులో చేతులు వణికాయి. రెండో టేకులో మణికట్టు వదిలేసింది. పళ్ళెం తివాచీ మీద పడింది, హీరోయిన్ కెవ్వుమని వెనక్కి గెంతింది, బంగళావాళ్ళ మనిషి తివాచీ కాలిందని అరుస్తూ వచ్చాడు. పిన్ని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని మళ్ళీ బాత్‌రూము వైపు వెళ్ళింది.

డైరెక్టరు మైకులో, "ఏవయ్యా, ఏమైంది మీ పిన్నిగారికి?" అన్నాడు. నేను నా చేతిలోని మైకులోనే, "రాత్రి మందు పడలేదు సార్" అన్నాను.

నేనన్నది అక్షరాలా నిజం. మాత్ర ఒంటికి పడలేదు. కాని మన భాషలో డాక్టరు ఇచ్చేదీ మందే, సీసాలో పోసుకునేదీ మందే. లైట్ల దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. డైరెక్టరు, "ఏ బ్రాండయ్యా?" అన్నాడు. సెట్టంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. మందంటే మాత్రండీ అని అప్పుడే అనొచ్చు. అంటే ఏ మాత్ర అంటారు, ఎందుకంటారు, పిన్నికిచ్చిన మాట పోతుంది అని ఆ రాత్రి నాకు నేను చెప్పుకున్నాను. ఆ నిమిషాన మాత్రం ఆ ఆలోచనే లేదు. పెద్ద డైరెక్టరు నా మాటకి నవ్వాడు కదా అని సంతోషం, అంతే. ఆ సినిమాలో దగ్గరగా కనిపించే హారతి పట్టిన చేతులు మా పిన్నివి కావని కూడా ఈ సందర్భంగా చెప్పాలి. అవి ఒక డాన్సరమ్మాయివి.

తాగే మగవాణ్ణి మా ఫీల్డు ముద్దుగా చూస్తుంది, అతని కథలు కథలుగా చెప్పుకుంటుంది. అమ్మ వేషాలు వేసే ఆవిడ తాగుతుందంటే మాత్రం ఫోన్లు ఆగిపోతాయి. పైగా సాక్ష్యాలన్నీ చక్కగా కుదిరాయి. ఉబ్బిన మొహం, పొద్దున్నే వణికే చేతులు, శనివారం వాంతులు. తర్వాత స్టెరాయిడ్ తగ్గి బుగ్గలు మళ్ళీ లోపలికి పోతే, "పాపం, మానేసినట్టుంది" అని మెచ్చుకున్నారు కూడా. వేషాలు మాత్రం తిరిగి రాలేదు. పిన్ని మధ్యాహ్నాలు డబ్బింగుకి వెళ్ళడం మొదలుపెట్టి, తెర మీద ఎవరెవరి అమ్మలకో గొంతు ఇచ్చింది. మైకు ముందు పళ్ళేలు మొయ్యక్కర్లేదు. ఇంకో కొత్త మందు కలిశాక నొప్పి చాలావరకు అణిగింది. రక్తపరీక్షలూ కంటిపరీక్షలూ వేళకి చేయించుకుంటుంది. జడ పలచబడింది, వేళ్ళు కొంచెం పక్కకి వంగాయి. సంతోషంగానే ఉంది, ఆ మాట నిజం. ఆ సంతోషాన్నే సాకుగా చూపించుకుని నేను ఇన్నేళ్ళూ తప్పించుకున్నాను.

ఆ అమ్మాయి మాట విన్న సాయంత్రం కృష్ణానగర్ మెట్లెక్కాను. పిన్ని పాల ప్యాకెట్టుని కత్తెరతో కష్టపడి కోస్తోంది. అందుకోబోతే, "ఇంత పనికి నీ సాయం అక్కర్లేదు, కూర్చో" అంది. బాబాయి కిటికీ దగ్గర వయొలిన్ తీగలు బిగిస్తున్నాడు. అంతా చెప్పాను. వేషం సంగతి, పుకారు సంగతి, అది నా మాటే అన్న సంగతి.

"తెలుసు. మైకులోనే కదరా అన్నావు" అంది. "బాత్‌రూము దాకా వినపడింది."

పాలు గిన్నెలో పోస్తూ పిన్ని మళ్ళీ అందుకుంది.

"నువ్వన్న మాటకి కాదురా నాకు కోపమొచ్చింది. నా సంగతి దాచాలని ఏదో తడబడ్డావనుకున్నా. బయటికొచ్చి చూస్తే నువ్వూ నవ్వుతున్నావు. దానికి."

"మరి ఎప్పుడూ అడగలేదేం పిన్నీ?"

"నువ్వే చెప్తావేమోనని చూశా. చూసి చూసి మర్చిపోయా."

బాబాయి తీగ మీంచి తలెత్తి, "మర్చిపోలేదురోయ్. ప్రతి క్రిస్మస్‌కీ నీకు కేకు ముక్క చిన్నది కోసేది, గమనించలేదా?" అన్నాడు. గమనించలేదు. ముగ్గురం నవ్వాం. ఇప్పుడైనా నిజం చెప్పెయ్యనా అని అడిగాను. పిన్ని తన చేతుల వంక చూసుకుంది.

"చెప్పు. జబ్బు పేరు సరిగ్గా చెప్పు. ఊరికే మోకాళ్ళ నొప్పులని నన్ను ముసలిదాన్ని చెయ్యకు. నువ్వు నవ్విన సంగతి కూడా చెప్పు. రాసేవాడివి కదా, రాసెయ్."

మర్నాడు మేడ మీది ఆఫీసులో నవ్వుతో సహా అంతా చెప్పాను. ఆ అమ్మాయి ఈసారి ల్యాప్‌టాప్ మూసి విన్నది. "గీ ముక్క నిన్ననే చెప్తే అయిపోవు గదా సర్! రాత్రి ఇంకిద్దరికి చెప్పిన" అని నొచ్చుకుంది. ఆ ఇద్దరికీ నా ముందే ఫోన్ చేసి, "గది అబద్ధమంట, నేనే తప్పు చెప్పిన" అంది. నేను ఇన్నేళ్ళలో చెయ్యలేనిది ఆ పిల్ల టీ చల్లారేలోపు చేసేసింది. తర్వాత, "ఆమెకు పొద్దుగాల కష్టమైతే పదకొండుకు పిలుద్దాం సర్. నాయనమ్మ సీన్లు పగటీలి తీస్తే ఏం పోయింది?" అంది.

ఏమీ పోలేదు. ఆ రోజుల్లో ఈ ప్రశ్న ఎవరైనా అడిగి ఉంటే అప్పుడూ ఏమీ పోయేది కాదు. షూటింగు మొదటి రోజు పదకొండింటికి పిన్ని తేలికపాటి నేతచీరలో సెట్లోకి వచ్చి, కుర్చీలో కూర్చుని, అందరికీ వినపడేలా, "నాకు కీళ్ళవాతం బాబూ. బరువులివ్వకండి, డైలాగులు ఎన్నైనా ఇవ్వండి" అంది. ఎవరూ నవ్వలేదు, ఎవరూ జాలిపడలేదు. ఒకతను వెళ్ళి కుర్చీకి దిండు తెచ్చాడు. లైట్లు వెలిగాయి. ఆవిడ మొహంలో ఎక్కడా బెరుకు లేదు. నేను మానిటరు వెనక నిలబడి చూస్తూ ఉండిపోయాను. అందరికీ ఒకే వేళకి తెల్లవారదు. మా పిన్నికి రోజూ పదకొండింటికి తెల్లవారుతుంది, నాకు మాత్రం ఇన్నేళ్ళు పట్టింది.