చెవులతో చూసిన కాలేజీలు

ధర్మవరంలో మా స్కూలు వెనక వీధిలో గోవిందప్ప అనే నేతగాడు ఉండేవాడు. ఆయనకు ప్రశ్నలడిగే జబ్బు. బస్సెక్కితే డ్రైవరు పక్కన నిలబడి ఆ మీట ఎందుకు, ఈ మీట ఎందుకు అని అడుగుతాడు. టీ అంగట్లో పాలు ఎవరి బర్రెవో కనుక్కోనిదే గ్లాసు ముట్టడు. నేను లెక్కల మాస్టర్ని కాబట్టి నన్ను మరీ వదిలేవాడు కాదు. సున్నా కంటే తక్కువ ఎట్లా ఉంటుందో చెప్పమని ఒకసారి నడిరోడ్డు మీద ఎండలో నిలబెట్టేశాడు. నాకసలే ఓపిక తక్కువ.

ఆయన కూతురు త్రివేణి మా స్కూల్లోనే చదివేది. 1999 ఎండాకాలంలో పదో తరగతి ఫలితాలొస్తే స్కూలు మొత్తానికి ఆ పిల్లే ఫస్టు. ఖోఖో జట్టుకు కెప్టెన్ కూడా. నోరు తెరిస్తే ఆగదు, అదీ గట్టిగా. ఆ ఇంట్లో అందరి గొంతులూ పెద్దవే. పొద్దస్తమానం మగ్గాల మోతలో బతికేవాళ్ళకు మెల్లగా మాట్లాడటం ఎక్కడ వస్తుంది?

ఇక ఇంటరు ఎక్కడ చదివించాలన్నది ప్రశ్న. రెండేళ్ళకు ఇంజనీరింగ్ సీటు వస్తే ఆ పిల్ల, నేసేవాళ్ళు కాళ్ళు దించి కూర్చునే మగ్గం గుంతలోంచి బయటపడుతుంది. రాకపోతే తల్లి నాగలక్ష్మమ్మ కూర్చున్న చోటే రేపు తనూ కూర్చుంటుంది. ఆ మాట గోవిందప్పే నాతో అన్నాడు. దాని వెంటే ఇంకోటి కూడా అన్నాడు.

"సీటు వచ్చినా నా బిడ్డ ఎండిపోయి రాకూడదు సారూ. ఆ నవ్వు అట్లే ఉండాల."

ఈ రెండో కోరిక నాకు చిరాకు తెప్పించింది. చదువూ కావాలి, ఆటాపాటా కావాలి, స్నేహితులూ కావాలి అంటే అన్నీ ఒకే చోట ఎవరు పెట్టుకుని కూర్చుంటారు? నా మనసులో అప్పటికే అనంతపురంలో ఒక రెసిడెన్షియల్ కాలేజీ ఉంది. ర్యాంకులు తెచ్చినవాళ్ళ ఫోటోలతో బస్టాండు గోడలన్నీ నింపేసిన కాలేజీ అది. చూసొద్దాం పదమని గోవిందప్పను బయల్దేరదీశాను.

ఇక్కడ మా వీధి సంగతి ఒకటి చెప్పాలి. పొద్దున లేచినప్పటి నుంచి ప్రతి ఇంట్లోనూ మగ్గం ఆడుతూనే ఉంటుంది. ఆ చప్పుడు వినిపిస్తున్నంత సేపు అందరూ క్షేమమని లెక్క. వీధిలో ఎవరైనా పోతే మాత్రం శవం లేచేదాకా ఏ ఇంట్లోనూ మగ్గం ఆడదు. మనిషి పోయిన కబురు కంటే ముందు ఆ నిశ్శబ్దమే పక్క వీధికి చేరుతుంది.

ఆ కాలేజీ గేటు ముందు దిగాం. మూడంతస్తుల మేడ. లోపల వందల మంది ఆడపిల్లలున్నారు, ఒక్క చప్పుడు లేదు. ఇదే కదా క్రమశిక్షణ అని నేను మురిసిపోతూ చూసేసరికి గోవిందప్ప చెప్పులు విడిచి, భుజం మీది తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నాడు. మెల్లగా వాచ్‌మన్ దగ్గరికి పోయి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఎవరు పోయినారప్పా?"

వాచ్‌మన్ బిత్తరపోయాడు. "ఎవరూ పోలేదన్నా. పిల్లోల్లు చదువుకుంటాండారు."

గోవిందప్ప నమ్మలేదు. ఆ కిటికీల వైపు అట్లా చూస్తూనే నిలబడ్డాడు. లోపల ప్రిన్సిపాల్ గారు ర్యాంకుల గురించి చెప్తుంటే విన్నాడు గానీ, పిల్లలు ఎప్పుడు ఆడుకుంటారని అడిగాడు. ఆదివారం సాయంత్రం కాసేపు టెర్రస్ మీద నడవనిస్తామని ఆయన జవాబు. మరి ఎప్పుడు నవ్వుకుంటారని గోవిందప్ప మళ్ళీ అడిగాడు. ప్రిన్సిపాల్ నా వైపు చూశాడు, నేను ఫ్యాను వైపు చూశాను.

ఆ ఊళ్ళోనే ఇంకో చివర పాత మహిళా జూనియర్ కాలేజీ ఒకటుంది, హాస్టలు కూడా ఉంది. అదీ చూడాల్సిందేనని పట్టుబట్టాడు. గోడ ఇంకా కనిపించకముందే కేకలు, విజిళ్ళు, ఎవరో పాట నేర్చుకుంటున్న గొంతు వినిపించాయి. గోవిందప్ప ముఖం విప్పారింది. అయితే లోపలికి పోలేదు. గోడ పక్కన నిలబడి వింటూ ఉన్నాడు. ఎండకు నా నెత్తి మాడిపోతోంది. కాసేపటికి బెల్లు కొట్టారు. అల్లరంతా ఆగి ఒక మేడం గొంతు వినిపించింది, దానికి పిల్లలంతా కలిసి చెప్పే జవాబు వినిపించింది. మళ్ళీ బెల్లు, మళ్ళీ అల్లరి.

"మగ్గం బాగా ఆడతాండాది సారూ," అన్నాడు.

లోపలికెళ్ళి కనుక్కుంటే ఇంజనీరింగ్ సీట్లు ఏటా వస్తున్నాయి గానీ మొదటి కాలేజీలో వచ్చినన్ని కాదు. తిరుగు బస్సులో నేను వేరే సీట్లో కూర్చున్నాను.

ఇద్దరం వాళ్ళింటికి చేరగానే గోవిందప్ప భార్యనూ కూతుర్నీ కూర్చోబెట్టి, చూసిందంతా, కాదు, విన్నదంతా చెప్పాడు. వాచ్‌మన్‌ను అడిగిన ప్రశ్న చెప్పేసరికి నాగలక్ష్మమ్మ పగలబడి నవ్వింది. త్రివేణి నవ్వలేదు.

"నాకు ఆ మొదటిదే కావాల నాయనా," అంది. ఎందుకని తండ్రి అడిగితే తల వంచుకుంది. "పుట్టినప్పట్నుంచి సద్దు లేని చోటు నేను చూడలేదు. మగ్గం ఆడతా ఉంటే చదివిందే చదువుతా, తలకెక్కదు. మన వీధిలో ఎవరైనా పోయిన పూటే నాకు చదువు సాగేది. పరీక్షలప్పుడు, ఎవరైనా పోతే బాగుండునని గూడా అనుకున్నా."

నా మాటే నెగ్గింది, నేను సంతోషించాలి. కానీ సంతోషం రాలేదు. క్లాసులో గలగలమనే ఈ పిల్ల ఇంట్లో ఎట్లా చదువుతోందని నేను ఏ రోజూ ఆలోచించలేదు. గోవిందప్ప దగ్గర ప్రశ్న లేకపోవడం నేను చూడటం అదే మొదలు. చివరికి ఒకటి దొరికింది.

"మరి ఖోఖో ఇడిసిపెడతావా?"

త్రివేణి ఆలోచించింది. "అది గూడా కావాల."

మర్నాడు ముగ్గురం మళ్ళీ అనంతపురం బస్సెక్కాం. ఆ పిల్ల చూడాలన్న నిశ్శబ్దమేదో చూడనీ అని నేనే వెంటపడి తీసుకెళ్ళాను. ముందు మేడ కాలేజీ చూసింది. తర్వాత మహిళా కాలేజీకి వచ్చాక గ్రౌండు వైపు తిరిగైనా చూడకుండా, చదువుకునే గది ఏదని అడిగింది. వెనక వైపు మందపాటి గోడల పాత పెంకుల గది చూపించారు. లోపలికి పోయి తలుపు మూసుకుంది. మేం బయట చెట్టు కింద కూర్చున్నాం. పిల్లల అరుపులు మా చెవులకు బాగానే తగులుతున్నాయి. ఎంతసేపటికీ రాకపోతే నేనే తలుపు తీశాను. కెమిస్ట్రీ పుస్తకం తెరుచుకుని కూర్చుని ఉంది. నేనొచ్చిన సంగతి కూడా తెలియలేదు.

"ఈడ చేరతా సార్," అంది బయటికొచ్చాక. నిన్న ఆ మేడ కాలేజీయే కావాలన్నావు కదా అని నేనంటే, "ఆడ తలుపు వాళ్ళ చేతిలో ఉంటాది. ఈడ నేనే మూసుకోవచ్చు, నేనే తెరుచుకోవచ్చు," అంది. నేనే ఆఫీసులోకి పోయి దరఖాస్తు ఫారం తెచ్చిచ్చాను.

రెండేళ్ళకు సీటు వచ్చింది, నేను ఆశించిన దానికంటే కాస్త వెనకబడ్డ ర్యాంకుతో. అయినా నాకు గుర్తుండిపోయింది ఆ ర్యాంకు కాదు, హాస్టల్లో చేరాక ఆ పిల్ల మొదటిసారి ఇంటికొచ్చిన దసరా సెలవులు. ఒక సాయంత్రం ఆ వీధిలో పోతున్నాను. గోవిందప్ప ఇంటి ముందు జనం మూగి ఉన్నారు. లోపల మగ్గం ఆగిపోయి ఉంది. ఎదురింటి మారెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఎవరు పోయినారని అప్పటికే అడుగుతోంది.

గోవిందప్ప అరుగు మీద కూర్చుని ఉన్నాడు, చేతులు ఖాళీగా.

"ఎవరూ పోలేదు," అన్నాడు, గొంతు బాగా తగ్గించి. "పాప చదువుకుంటాండాది."

మారెమ్మ తన ఇంట్లోకి పోయింది. కాసేపటికి ఆ ఇంట్లో మగ్గం కూడా ఆగింది.