మావయ్య హార్డ్ డిస్క్‌కి వాస్తు

మొన్న రాజమండ్రిలో మా కాలేజీ ల్యాబ్‌లో కరెంటు పోయి ఇన్వర్టర్ కీ కీ మని కూత మొదలుపెట్టింది. పిల్లలు హాయిగా నవ్వుకుంటూ బయటికి పోయారు. నేను మాత్రం కుర్చీలోంచి లేవలేకపోయాను. ఇన్నేళ్లుగా ల్యాబ్ అసిస్టెంటుగా చేస్తున్నదాన్ని, కరెంటు పోతే బిగుసుకుపోవడమేమిటని కొత్తగా వచ్చిన లెక్చరర్ గారు వింతగా చూశారు. ఆ కూత నన్ను కడియంలో మా మేనమామ నర్సరీ ఆఫీసుకి తీసుకుపోయిందని ఆయనకెలా తెలుస్తుంది?

ఆఫీసంటే మరీ పెద్ద మాట. ఇంటి ముందు ఒక రేకుల గది, అందులో ఎరువుల బస్తాలు, తడిమట్టి వాసన, బల్ల మీద మావయ్య పాత లాప్‌టాప్. దాని బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది, వైరు ఊడితే అంతే సంగతులు. మొక్కలకి లేబుళ్లు వేసే ప్రోగ్రాం పాత విండోస్‌లో తప్ప నడవదు. ఆర్డర్లొచ్చే వెబ్‌సైట్లేమో ఆ పాత విండోస్‌లో తెరుచుకోవు. అందుకని డిస్కులో కొంత జాగా విడదీసి విండోస్ లాంటిదే లినక్స్ అని ఇంకోటి కూడా పెడతాననీ, ఆన్ చేసినప్పుడు ఏది కావాలంటే అది ఎంచుకోవచ్చనీ మావయ్యకి మాటిచ్చాను.

ఆ డిస్కులోనే ఫొటోలున్నాయి. అంటు కట్టే ప్రతి తల్లిమొక్కనీ మావయ్య ఏటా ఫొటో తీసేవాడు. ఎత్తు తెలియాలంటే పక్కన మనిషి నిలబడాలి. ఆ మనిషి ఎప్పుడూ మా అమ్మే. పెళ్లిళ్లలో కెమెరా కనబడితే స్తంభం చాటుకి పోయే అమ్మ, తమ్ముడి మొక్కల పక్కన మాత్రం నిటారుగా నిలబడేది. "నాక్కాదు కదా తీసేది, మొక్కకి" అనేది. నేను ఈ పనికి పూనుకోవడానికి ముందు ఏడే అమ్మ పోయింది. దండ వెయ్యడానికి ఫొటో వెతికితే మా ఇంట్లో ఆధార్ కార్డు మీద ఉన్నది తప్ప దొరకలేదు. పన్నెండేళ్ల ఫొటోల్లో అమ్మ ఆ లాప్‌టాప్‌లోనే ఉంది.

అందుకే "కాపీ ఉందా మావయ్యా?" అని ముందే అడిగాను. "ఉందమ్మా, నిన్ననే తీశాను" అన్నాడు. నమ్మాను.

తెర మీద డిస్కు పొడుగాటి పట్టీలా కనిపించింది. ఎడమ చివర విండోస్, మిగతాదంతా ఫొటోలు. కుడి చివర కాస్త కుదించి ఆ ఖాళీలో లినక్స్ పెట్టడం చిటికెలో పని. మావయ్య కళ్లజోడు సర్దుకుని చూశాడు. మేం తూర్పుముఖంగా కూర్చున్నాం, అంటే కుడిచేతి వైపు దక్షిణం.

"ఏంటమ్మా, దక్షిణం వైపు ఖాళీ వదుల్తున్నావు? బరువంతా దక్షిణానే ఉండాలి. ఖాళీ ఉత్తరానికి తియ్యి."

ఎడమవైపు ఖాళీ కావాలంటే ఫొటోలన్నిటినీ కొంచెం కొంచెంగా కుడికి జరుపుతూ మళ్లీ రాయాలి. గంటల పని, మధ్యలో కరెంటు పోతే ఏమీ మిగలదు. ఇదంతా చెప్పాను. "కాపీ ఉందిగా" అన్నాడు. బోరు నుంచి ఎరువు గుంట దాకా వాస్తు చూసి పెట్టించిన మనిషితో వాదించే ఓపిక నాకు లేకపోయింది. ఇన్వర్టర్ ఉంది, కాపీ ఉంది. నొక్కేశాను.

పన్నెండు శాతం దగ్గర మాటవరసకి అడిగాను, కాపీ ఏ పెన్‌డ్రైవ్‌లో ఉందని.

"పెన్‌డ్రైవ్ ఏంటి? ఫొటోల పక్కనే ఇంకో ఫోల్డర్‌లో పెట్టాను. తల్లిమొక్క పక్కనే కదమ్మా అంటు ఉండేది?"

ఆపుదామన్నా ఆపడానికి లేదు, ఆపినా కరెంటు పోయినట్టే. ఉన్నదున్నట్టు మావయ్యకి చెప్పాను. కండువాతో మెడ తుడుచుకుని, "అక్క ఉంది కదమ్మా అందులో" అన్నాడు.

ముప్ఫై ఎనిమిది దగ్గర కరెంటు పోయింది. అత్తయ్య సంగతి విని ఫ్యాన్లు, లైట్లు, దేవుడి గదిలో చిన్న బల్బుతో సహా అన్నీ ఆపేసింది. లారీకి మొక్కలెక్కించే వాళ్లు ఫోన్ ఛార్జింగ్ పెట్టుకుంటామని వస్తే గుమ్మంలోనే తరిమేసింది. రేకుల కింద ముగ్గురం చెమటలు కక్కుతూ తెర వంక చూస్తూ కూర్చున్నాం. ఇంకా గంటంబావు అని చూపించిన లాప్‌టాప్, కాసేపయ్యాక గంటన్నర అంది. మావయ్య లైన్‌మాన్‌కి ఆరుసార్లు ఫోన్ చేశాడు. "మీకు దణ్ణం పెడతానండి, ఒక్క గంట ఇవ్వండి చాలు" అని బతిమాలాడు. తీగ తెగింది, వేస్తున్నామండి అన్నారట.

యాభై తొమ్మిది దగ్గర ఇన్వర్టర్ కూత మొదలుపెట్టింది. అంత భయం నాకు ఎన్నడూ వేయలేదు. అమ్మ ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ ఇంటికొస్తుందనే ధీమా ఉండేది. పైగా ఇది నా చేత్తో నేను నొక్కింది.

ఉన్నట్టుండి కూత ఆగిపోయింది. అయిపోయిందనుకుని కళ్లు గట్టిగా మూసుకున్నాను. అన్నీ ఆపేసి ఉన్నాయేమో, కరెంటు వచ్చిన సంగతి మాకు తెలియనే లేదు. పక్క నర్సరీలో మోటారు చప్పుడు విని, "వచ్చిందే!" అని అరిచింది అత్తయ్య.

నాలుగింటికి నూరు శాతం అయింది. అత్తయ్య ఫ్యాన్ వేసి, బల్ల వైపూ గుమ్మం వైపూ మార్చి మార్చి చూసి, "ఏవండీ, ఆ కుర్చీ పడమర ముఖంగా తిప్పుకుంటే ఆ కుడివైపే ఉత్తరం అయ్యేది కదండీ?" అంది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

ఫొటోలు తెరుచుకుంటున్నాయో లేదోనని ఒక సపోటా చెట్టువి వరసగా నొక్కుతూ పోయాను. మొదట అమ్మ నడుము దాకా ఉంది మొక్క, తర్వాత భుజం దాకా వచ్చింది, ఆ తర్వాత అమ్మ మీద నీడ పడింది. నేను ఫైళ్లు పాడవలేదు కదా అనే చూస్తున్నాను. మావయ్యే వేలు పెట్టి చూపించాడు. వెనక షెడ్డు స్తంభానికి ఒక ఇనుప కొక్కెం ఉంది. మొదటి ఫొటోలో అది అమ్మ చెవి దగ్గర ఉంది, చివరి ఫొటోలో తలకి పైన. అమ్మ అన్నిట్లోనూ నిటారుగా నిలబడ్డానన్న నమ్మకంతోనే చూస్తోంది. ఆ పన్నెండేళ్లూ అమ్మతో ఒకే ఇంట్లో ఉన్నాను, రోజూ పక్కన కూర్చుని అన్నం తిన్నాను. కాలం అమ్మని ఎంత వంచేసిందో, పన్నెండు ఫొటోలు గబగబా నొక్కితే తప్ప నాకు కనబడలేదు.