మెర్ల్ ఎర్ర చొక్కా

కాలేజీ ఫుట్‌బాల్ జట్టు గెలుస్తున్నన్నాళ్లూ, ఆటకి వేసుకెళ్లిన చొక్కా ఉతకకూడదని, ఓడితే ఉతికెయ్యాలని అమెరికాలో అయోవా రాష్ట్రంలోని ఆ ఊరివాళ్ల పట్టింపు. కిందటేడు ఆఖరి ఆట గెలిచి వచ్చిన కొన్నాళ్లకే ఆర్డిత్ మొగుడు మెర్ల్ పోయాడు. అతని ఎర్ర చొక్కా కుర్చీకి అలాగే వేలాడుతోంది. దానికింకా అతని వాసన ఉంది. అందుకే ఈ ఏడు జట్టు గెలవాలని ఆర్డిత్ కోరుకున్నంతగా ఎవరూ కోరుకోలేదు.

అక్టోబరు దాకా గెలిచారు. ఆ నెలలో ఒక శనివారం మాత్రం సొంత మైదానంలోనే చిత్తుగా ఓడారు.

పక్కింటి జోలీన్ స్టేడియం నుంచి తిన్నగా వచ్చింది. "ఏమే, ఆ చొక్కా వీధి చివరిదాకా కంపు కొడుతోంది. ఉతుకుతావా, నన్ను ఉతకమంటావా?"

"నా మొగుడి చెమట, నేనే ఉతుకుతా. మెర్ల్ ఉంటే, ఓడిన రోజు గుమ్మంలోనే విప్పి పారేసేవాడు."

మెషిన్ తిరుగుతున్నంతసేపూ ఇద్దరూ కాఫీ తాగుతూ అవతలి జట్టుని తిట్టుకున్నారు. ఆర్డిత్ మధ్యలో ఒకసారి కళ్లు తుడుచుకుంది.

పై శనివారం ఆ చొక్కా తనే తొడుక్కుని జోలీన్‌తో ఆటకి వెళ్లింది. అది ఆమెకి మోకాళ్లదాకా వచ్చింది. బంతి గీత దాటి గెలుపు తెచ్చిన టచ్‌డౌన్‌కి ఇద్దరూ ఎగిరి గంతేస్తే, జోలీన్ హాట్‌డాగ్‌లోని ఆవాల సాసు దానిమీద పడింది.

"అయ్యో, మరక!"

"ఉండనీవే," అని నవ్వింది ఆర్డిత్. "మళ్లీ ఓడేదాకా దీన్ని ఉతికేది లేదు."