తిరగబడ్డ పదకొండు రెక్కలు

మరాఠీ ఊళ్లోని తెలుగు నేతపేట నీలం నగర్‌లో ఉండే తృప్తి పదేళ్లు టవళ్లకు బొమ్మలు గీసింది. నాలుగేళ్లుగా టర్బైన్లకు రెక్కలు గీస్తోంది. ఈ రెండు విద్యల మధ్య దూరమెంతని ఎవరైనా అడిగితే, షేర్ ఆటోలో ఇరవై నిమిషాలని చెప్పేది. కంప్యూటర్ మీద నెమలి మెడ వంపు తీర్చిన చెయ్యి రెక్క వంపు తీర్చలేదా అన్నది ఆమె వాదం. ఉద్యోగమిచ్చిన టర్బోచార్జర్ కారఖానా వాళ్లు కూడా అదే నమ్మారు.

టర్బోచార్జర్ సంగతి క్లుప్తంగా ఇది. బండి ఇంజను వదిలే వేడి పొగ ఊరికే గాలిలో కలిసిపోకుండా, నత్తగుల్ల లాంటి డొప్పలో సుడి తిరిగి, అరచేతిలో పట్టే ఒక చక్రాన్ని తిప్పుతుంది. అదే టర్బైన్. దానితోపాటు ఇరుసు అవతలి కొనన ఉన్న ఇంకో చక్రం తిరిగి ఇంజనులోకి గాలిని కూరుతుంది. తృప్తి కంప్యూటర్‌లో ఒక్క రెక్కను గీస్తే చాలు. దాన్ని చక్రం నడిమి బొడ్డు చుట్టూ పదకొండుసార్లు పేర్చే శ్రమ కంప్యూటర్‌ది. పరీక్ష కోసం చేసే చక్రాలకైతే, ఆ ఫైలును బట్టి ఒక యంత్రం మైనంతో రెక్కలను విడివిడిగా తీస్తుంది. వాటిని మైనపు బొడ్డుకు అతికించేది నర్సప్ప. ఆపైన మట్టిపూత పూసి, మైనం కరిగించి, ఆ ఖాళీలో లోహం పోస్తారు.

నర్సప్ప కుంఠా నాకాలో ముప్పై ఏళ్లు బొమ్మలు నేసే జకార్డ్ మగ్గం నడిపినవాడు. తృప్తి గీసిన మొదటి టవల్ నేసింది అతనే. మగ్గం మూతపడ్డాక అతన్ని మైనం బల్ల దగ్గర కూర్చోబెట్టింది ఆమే. "తెగిన పోగు అతుకేసినట్టే మామా" అని ధైర్యం చెప్పింది. అతను ఆ మాట నిలబెట్టాడు. అతుకు ఎక్కడుందో భూతద్దం పెట్టి వెతకాల్సి వచ్చేది.

మొన్నటి వానాకాలంలో ఒక కొత్త చక్రం పరీక్షకు వెళ్లింది. కొలతలు సరి, బరువు సరి. పొగ వదిలితే మాత్రం వేగం అందుకోలేదు. పరికించి చూస్తే, కుడికి వంగాల్సిన రెక్కలు ఎడమకు వంగి ఉన్నాయి.

తృప్తికి ఆ క్షణమే అర్థమైంది. ఆమె పనిచేసిన చోట టవల్‌ను బోర్లా నేసేవారు. అంచున హోటల్ పేరు సరిగా పడాలంటే బొమ్మను చివర్లో అద్దంలోలా తిప్పి పంపాలి. పదేళ్లపాటు ప్రతి ఫైలుకూ ఆఖరున 'మిర్రర్' నొక్కిన వేలు, ఆ రోజు యజమానురాలిని అడక్కుండానే నొక్కేసింది. అద్దంలో తిరిగిన చక్రానికి కొలత ఒక్కటీ మారదు. అందుకే ఎవరికీ చిక్కలేదు.

ఇంతవరకు పొరపాటు. మానవజాతికి పొరపాట్లు అలవాటే. తర్వాత జరిగింది వేరు. డిజైన్ విభాగం పెద్ద అనికేత్ సర్ ఫైలు చూస్తానని కబురు పెట్టి, చాయ్ తాగి వచ్చేలోపు, ఆమె మళ్లీ మిర్రర్ నొక్కింది. ఫైలు తలంటు పోసుకున్నంత పవిత్రంగా కనిపించింది. దాంతో విచారణ నిష్పక్షపాతంగా, శాస్త్రోక్తంగా, పూర్తి తప్పుగా ముగిసింది. రెక్కలు మైనం బల్ల దగ్గరే తిరగబడ్డాయని తేల్చారు. నర్సప్పను డబ్బాలు మోసే పనికి పంపారు. అతని చోట కూర్చున్న తుషార్ అతికించిన చక్రం సవ్యంగా రావడంతో నేరం రుజువైపోయింది కూడా.

ఎడమకాలి చెప్పును ఎన్ని తిప్పులు తిప్పినా కుడికాలి చెప్పు కాదు. రెక్కా అంతే. ఈ జ్ఞానం ఆ కారఖానాలో తృప్తి ఒక్కదానికే ఉంది, ఆమె దాన్ని భద్రంగా దాచుకుంది. పది రోజులు అన్నం సయించలేదు. రోజూ ఇంటి పల్లీల చట్నీ డబ్బాలో పెట్టి నర్సప్పకు ఇచ్చింది. పశ్చాత్తాపం ఇంత కారంగా ఉంటుందని అతనికి తెలియదు.

ఆదివారం పొద్దున అతనే ఇంటికొచ్చాడు. వాకిట్లో బీడీలు చుడుతున్న తృప్తి తల్లి కమల, చేట జరిపి చోటిచ్చింది. అతను సంచిలోంచి ఒక మైనపు బొడ్డు, కొత్తగా తీసిన రెక్క ఒకటి బయటికి తీశాడు.

"తుషార్‌ను అడిగి తెచ్చిన బిడ్డా. నా చూక్ ఏందో జర చూపెట్టు."

"పోనీ మామా, అయిపాయె గద."

"ఎట్ల అయిపోతది? మల్ల గదే తప్పు చేస్తే? నిన్నటి సంది ఇట్ల పెట్టి చూసిన, అట్ల పెట్టి చూసిన. ఎట్ల పెట్టినా గా ఉల్టా తీరుగ కూసుంటలేదు. నా తప్పు నాకే చేయనీకి వస్తలేదు!"

కమల నవ్వింది. "చేయరాని తప్పు ఎట్ల చేసినవ్ అన్నా?"

"నువ్వు చేయలే మామా," అంది తృప్తి. "నేను చేసిన. మిర్రర్ కొట్టిన, టవల్ లెక్క."

నర్సప్ప కాసేపు రెక్కను చూసి పకపకా నవ్వాడు. "అరే పోరీ! హోటల్ పేరు తిప్పినట్టు తిప్పినవా? నేను గూడ మొదటి దినం నూలుకు పెట్టినట్టు మైనానికి గంజి పెడదామనుకున్న. చేతికి పడ్డ ఆదత్ గంతే." నవ్వు తగ్గాక అడిగాడు. "మరి సాహెబ్ ఫైలు చూసిండు గద? అండ్ల మంచిగనే ఉండె?"

"సర్ వచ్చేలోపల మల్ల తిప్పిన."

కమల చేతిలోని ఆకును చేటలో పెట్టేసింది.

"అంటే," అన్నాడు నర్సప్ప మెల్లగా, "నేను డబ్బాలు మోస్తుంటే నువ్వు చట్నీ పెట్టినవ్."

రెక్కను, బొడ్డును సంచిలో వేసుకొని వెళ్లిపోయాడు.

సోమవారం తృప్తి అనికేత్ సర్‌కు అంతా చెప్పింది. ఆయన నమ్మకపోగా కరిగిపోయి, తప్పు మీద వేసుకుని మామను కాపాడాలన్న మీ మనసు చాలా గొప్పదని మరాఠీలో మెచ్చుకున్నాడు. ఆమె అందుకున్న మెప్పుల్లో ఇంత సలిపింది ఇంకొకటి లేదు. ఆయన ఎదుటే ఫైలు తెరిచి మిర్రర్ నొక్కింది, రెక్కలు తీయించింది, నర్సప్పను పిలిపించింది. అతను ఎప్పటిలాగే అతికించాడు. తిరగబడిన చక్రమే తయారైంది. సర్ మెచ్చుకోవడం మానేశాడు.

మధ్యాహ్నానికి నర్సప్ప తన బల్ల దగ్గరికి తిరిగొచ్చాడు. తృప్తిని కొత్త రెక్కలు గీయనివ్వక, కంప్యూటర్‌లోని పాత బొమ్మలు శుభ్రం చేసే పనికి మార్చారు. సాయంత్రం ఆమె మైనం బల్ల దగ్గరికి వెళ్లి, "మామా" అంది.

"ఏం కావాలె మేడం?" అన్నాడతను తలెత్తకుండా.

ఆమె అక్కడే నిలబడింది. అతను ఇంకో రెక్క అందుకున్నాడు.